ఎండాకాలంలో సీసీ రోడ్డు: పొద్దున పోస్తే మేలా, సాయంత్రమా?

హైదరాబాద్ కాలనీల్లో సీసీ రోడ్డు పని ఎక్కువగా పొద్దున్నే మొదలుపెడతారు. ఎండ ముదిరేలోపు పోత అయిపోవాలని. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఏప్రిల్, మే నెలల్లో అయితే నా ఓటు సాయంత్రానికే. ఇక్కడ చూడాల్సింది కాంక్రీటు ఎప్పుడు పోశారన్నది కాదు, ఎప్పుడు గట్టిపడిందన్నది.

పొద్దున 8 గంటలకు పోసింది మధ్యాహ్నానికి బిగుస్తుంది. నీళ్లు తగిలిన సిమెంటు సొంతంగా వేడి పుట్టిస్తుంది. దానికి 40 డిగ్రీల ఎండ తోడవుతుంది. అంటే పలక (పోసిన కాంక్రీటు స్లాబు) బాగా వేడెక్కి, సాగి ఉన్నప్పుడే గట్టిపడుతుంది. రాత్రికి చల్లబడి కుంచించుకోవాలి. డిగ్రీకి, మీటరుకు సుమారు 0.01 మి.మీ. చొప్పున లెక్కేస్తే, 25 డిగ్రీలు దిగేసరికి 100 మీటర్ల గల్లీ 25 మి.మీ. పొట్టిదవ్వాలి. కింద నేల పట్టుకుని కదలనివ్వదు. కాంక్రీటు నొక్కితే ఎంత ఓర్చుకుంటుందో, లాగితే అందులో పదో వంతే ఓర్చుకుంటుంది. పైగా అప్పటికి దానికి ఒక్క రోజు వయసు కూడా లేదు. తెల్లారేసరికి అడ్డంగా పగులు. చాలాసార్లు అది మ్యాన్‌హోల్ మూల దగ్గరే మొదలవుతుంది, ఎందుకంటే లాగుడంతా అక్కడికే చేరుతుంది.

అంతటితో పోదు. పైన వేడి, కింద చల్లన ఉన్నప్పుడు చదునుగా బిగిసిన పలక, ఆ తేడా పోగానే వంగి మూలలు పైకి లేపుతుంది. రాత్రి పైభాగం ఇంకా చల్లబడితే మరీ లేస్తాయి. తెల్లవారుజామున వాటర్ ట్యాంకర్ పోతుంటే రెండు పలకల మధ్య జాయింటు దగ్గర టక్ టక్‌మని చప్పుడు వస్తే, మూల కింద ఖాళీ ఉందేమో చూడాలి. ఆ మూల మీద బరువు పడీ పడీ పైనుంచే విరుగుతుంది.

సాయంత్రం 6కి పోస్తే లెక్క తిరగబడుతుంది. అర్ధరాత్రి ప్రాంతంలో, ఎండ వేడి లేనప్పుడు బిగుస్తుంది. మర్నాడు ఎండకు సాగుతుంది, అంటే నొక్కుడు పడుతుంది, దాన్ని కాంక్రీటు తట్టుకుంటుంది. పోసిన గంటల్లోనే పైతడి ఆరిపోయి వచ్చే సన్న నెర్రెలూ తగ్గుతాయి.

సాయంత్రం పోతకు ఉన్న లోటు మనుషులే. లైట్లు వేసినా ఫినిషింగ్ అంత బాగా రాదు. జాయింట్లు కోసే కటింగ్ మిషన్ వాడు రాత్రి ఉండడు. అసలు సమస్య మర్నాడు పొద్దున 9 గంటల ఎండ. అప్పటికి గోనె పట్టాలు పరిచి తడిపి ఉండాలి. నీళ్ల బండి 11కి వస్తే సాయంత్రం పోసిన లాభమంతా పోయినట్టే. అందుకే పని ఒప్పుకునే ముందే, రాత్రి ఎవరు ఉంటారో కాంట్రాక్టర్‌ను అడగాలి.

జాయింటు కోత మాత్రం ఎప్పుడు పోసినా తప్పదు. మామూలుగా 4.5 మీటర్లకొకటి, మందంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు లోతు వరకు. పగులు ఎలాగూ వస్తుంది, ఆ కోత కిందే రావాలన్నది లెక్క. తాపీతో పైపైన గీసిన గీత జాయింటు కాదు. పొద్దున పోస్తే ఆ సాయంత్రమే కోయాలి, ఆలస్యానికి చోటు లేదు. సాయంత్రం పోస్తే తెల్లవారేలోపు కోయడం మంచిది, కొన్ని గంటలు అటూ ఇటూ అయినా ముప్పు తక్కువ.

ఆగగలిగితే నవంబరు, డిసెంబరు ఈ రెండింటికన్నా మేలు. చల్లగా బిగిసిన పలకకు ఎండాకాలంలో ఎక్కువగా నొక్కుడే. జాయింట్లలో ఇసుక, కంకర ఇరుక్కోకుండా సీలింగ్ చేయిస్తే చాలు.

ఎండాకాలం పొద్దున పోయక తప్పదంటే, రెడీమిక్స్ బండి నుంచి దిగే కాంక్రీటు 30 డిగ్రీలు దాటకూడదు. ప్లాంటులోనే చల్లటి నీళ్లు, ఐసు వాడి కలపాలి. ట్రాఫిక్‌లో ఇరుక్కుని బిగుసుకొచ్చిన సరుకులో గల్లీలో బకెట్లతో నీళ్లు పోస్తుంటే అక్కడికక్కడే ఆపించి, ఆ బండిని వెనక్కి పంపించండి.