తొలి నవలకి ఏది మేలు: విశాఖలో ఆవిష్కరణ సభా, బరంపురంలో ఇంటి పఠనమా?

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో తెలుగులో రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బరంపురంలోనో, పర్లాకిమిడిలోనో, సునాబెడలోనో ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు రాసిన తొలి నవల అచ్చై ఇంటికొచ్చాక, అట్టపెట్టెల్లో ఉన్న ప్రతుల్ని పాఠకుల చేతికి ఎలా చేర్చాలన్నది వాళ్లందరికీ ఎదురయ్యే ప్రశ్న. పేరున్న ప్రచురణ సంస్థ వెనక లేనప్పుడు డబ్బూ తక్కువే, సెలవులూ తక్కువే. అన్నీ చేయలేరు, ఏదో ఒకదాంతో మొదలుపెట్టాలి. పఠనాలకి కుర్చీలు వేయడం, పుస్తకాలు అమ్మిపెట్టడం లాంటి పనులు ఇష్టంగా చేసే పాఠకుడిగా నా మాట ముందే చెప్పేస్తాను. ముందు సొంత ఊళ్లో, పదీ ఇరవైమంది పట్టే గదిలో, గొంతు విప్పి చదివి వినిపించండి. విశాఖ, విజయవాడ, హైదరాబాద్ ఆ తర్వాత.

ఇలా అనడానికి కారణం మన పాఠకులే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు ఈ ప్రాంతాలు అందులో కలిశాయి. ఆ తర్వాత పుట్టిన తరాల్లో ఎక్కువమంది చదువు ఒడియాలోనో ఇంగ్లీషులోనో సాగింది. ఇంట్లో మాట్లాడేది తెలుగు, పెళ్లి పిలుపులు తెలుగు, తిట్టుకున్నా తెలుగే, కానీ అక్షరాలు రావు. బరంపురంలో ఏ తెలుగు ఇంటికి వెళ్లినా మామ్మ వారపత్రిక చదవగలదు, కొడుకు కూడబలుక్కుని బోర్డులు చదువుతాడు, మనవరాలికి అదీ రాదు. అయితే కథ చెబితే ముగ్గురూ వింటారు. ఇది హైదరాబాద్ రచయితకి అంతగా లేని ఇబ్బంది. ఇక్కడి రచయిత మాత్రం ప్రచారం గురించి ఆలోచించేటప్పుడు దీన్ని పక్కన పెట్టడానికి వీల్లేదు.

ఇప్పుడు ఆవిష్కరణ సభ సంగతి చూద్దాం. విశాఖ ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది, అక్కడ సాహిత్య సభలు జరుగుతూనే ఉంటాయి. బరంపురం నుంచి రైల్లో నాలుగైదు గంటల ప్రయాణం. అక్కడ సభ పెడితే నాలుగు మంచి పనులు జరుగుతాయి. విమర్శకులు వస్తారు, పత్రికల్లో చిన్న వార్తయినా పడుతుంది, తోటి రచయితలతో పరిచయం కలుగుతుంది, పుస్తకం వచ్చిందన్న సంగతి తెలుగు సాహిత్య లోకానికి తెలుస్తుంది. సరిహద్దుకి ఇవతల ఉండి రాసేవాళ్లకి ఈ చివరిది చిన్న విషయం కాదు. మనం రాస్తున్నామని అవతలివాళ్లకి తెలియకుండానే పుస్తకాలు పాతబడిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి.

కానీ ఖర్చు లెక్క వేయండి. హాలు అద్దె, ఫ్లెక్సీ, వక్తల రానుపోను ఖర్చులు, శాలువాలు, జ్ఞాపికలు, వచ్చినవాళ్లకి టిఫిన్, టీ. వేదిక మీద ఎనిమిదిమంది ఉంటే ఎనిమిది ఉపన్యాసాలు. అధ్యక్షుల వారి తొలిపలుకులు అయ్యేసరికే అరగంట గడుస్తుంది. రచయిత ప్రతిస్పందన చివర్లో వస్తుంది, అప్పటికి సగం కుర్చీలు ఖాళీ. నవల్లోంచి ఒక్క పేరా కూడా ఎవరూ చదవని ఆవిష్కరణ సభలు నేను చూశాను. నవల గురించి రెండు గంటలు మాట్లాడి, నవల వినిపించకుండా ఇంటికి పంపడం నాకు చాలా బాధగా అనిపిస్తుంది. పైగా వచ్చినవాళ్లలో ఎక్కువమంది స్నేహితులు, బంధువులు. వాళ్లకి ఉచితంగా ఇవ్వక తప్పదు.

అమ్మకం వైపు నుంచి చూస్తే తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఉదాహరణకి మీ నవల వెల 200 రూపాయలు, అచ్చుకి ప్రతికి 80 అయిందనుకుందాం. పుస్తకాల షాపుకి నలభై శాతం తగ్గింపు ఇస్తే మీకు 120 వస్తుంది. అచ్చు ఖర్చు పోగా మిగిలేది 40. అదీ పుస్తకం అమ్ముడయ్యాక, షాపువాళ్లు లెక్క చూసి పంపాక. ఇంటి పఠనంలో అదే పుస్తకాన్ని 180కి ఇచ్చినా చేతిలో వంద మిగులుతుంది, అదీ అప్పటికప్పుడే. సభకి ఇరవై వేలు ఖర్చుపెడితే షాపు లెక్కన ఐదువందల ప్రతులు అమ్మితే గానీ ఆ డబ్బు తిరిగి రాదు. చాలా తొలి నవలలు మొత్తం అచ్చు వేసేదే అన్ని ప్రతులు.

ఇంటి పఠనం అంటే పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. కాలనీలో కాస్త పెద్ద హాలున్న ఇల్లు, లేదా గుడి పక్కన మండపం, లేదా మేడ మీద. ఆదివారం సాయంత్రం ఆరున్నరకి మొదలుపెట్టి ఎనిమిదికి ముగించేయాలి. పిలుపు వాట్సాప్‌లో పెడితే చాలదు, ఆ ఇంటివాళ్ల చేతే చుట్టుపక్కల వాళ్లని నోటితో పిలిపించాలి. 'రండి పిన్నీ, మా వాడు రాసిన కథ చదువుతాడు' అంటే వస్తారు. ‘నవలా పఠన కార్యక్రమం’ అని కార్డు పంపితే ఇది మనకి కాదులే అనుకుని మానేస్తారు. మైకు వద్దు. ఇరవైమందికి మైకు పెడితే ఇల్లు కాస్తా సభ అయిపోతుంది, జనం బిగుసుకుపోతారు.

ఏం చదవాలన్నది అన్నిటికంటే ముఖ్యం. చాలామంది మొదటి అధ్యాయం మొదటి పేజీ నుంచి మొదలుపెడతారు. తొలి నవలల్లో మొదటి పేజీలు తరచుగా వర్ణనలతో నిండి ఉంటాయి, చెవికి పట్టవు. ఇద్దరు మనుషులు మాట్లాడుకునే ఘట్టం తీసుకోండి. ఒక తగువు, ఒక పెళ్లిచూపులు, ఆస్తి పంపకం. పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు, అంతే. కాసేపు మాటలయ్యాక ఇంకో పది నిమిషాలు రెండో ఘట్టం. సంభాషణల్లో ఒక పాత్రని వేరేవాళ్ల చేత, వీలైతే ఆ ఇంటి మనిషి చేతే చదివించండి. తెలుగు అక్షరాలు రాని అమ్మాయికి ఆ పాత్ర మాటల్ని ఒడియా లిపిలో రాసిచ్చినా సరే. ఆ పాత్రని తను పలికాక ఆ పుస్తకం ఆ ఇంటిదైపోతుంది.

భాష విషయంలో ఇక్కడి రచయితలకి ఒక బెరుకు ఉంటుంది. మన తెలుగులో ఒడియా మాటలు కలుస్తాయి, యాస ఉత్తరాంధ్రది, అవతలివాళ్లు ఏమనుకుంటారో అని పుస్తకాల భాషలోకి మార్చేస్తారు. ఆ బెరుకు పోవాలంటే సొంత ఊరి పఠనాన్ని మించిన మందు లేదు. మన మాటల్లోనే రాసిన సంభాషణ చదివితే గదిలో నవ్వులు వినిపిస్తాయి. దిద్ది దిద్ది చదును చేసిన వాక్యం దగ్గర నిశ్శబ్దంగా ఉంటారు. రచయితకి ఇంతకంటే మంచి విమర్శ దొరకదు. జనం మాట్లాడే భాషలోనే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు దశాబ్దాల పాటు ఉన్నదీ, సవర భాష నేర్చుకుని పని చేసిందీ పర్లాకిమిడిలోనే. 1936లో ఆ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమహేంద్రవరం వెళ్లిపోయారు గానీ, ఆయన వాదన ఈ నేల మీదే బలపడింది. గిడుగు నడిచిన ఊళ్లో ఉంటూ మన యాస రాయడానికి సిగ్గుపడనక్కర్లేదు.

ఇంటి పఠనాల బలహీనతా చెప్పాలి. ఒక్కో దానికి వచ్చేది కొద్దిమందే. వారం వారం తిరగాలి, గొంతు అలిసిపోతుంది, ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. పత్రికల్లో వార్త రాదు. కొన్ని ఇళ్లలో ఒక్క ప్రతి కూడా అమ్ముడవదు. మొహమాటంతో కొన్నవాళ్లు చదవకపోవచ్చు. అయినా వినడానికి వచ్చినవాళ్లు పాత్ర పేరు గుర్తుపెట్టుకుంటారు, తర్వాత బజార్లో కనిపించినప్పుడు ‘ఆ తర్వాత ఆ పిల్ల ఏం చేసింది?’ అని అడుగుతారు. ఆవిష్కరణ సభ నుంచి ఇంటికెళ్లినవాళ్లు ఆ ప్రశ్న అడగడం నేను వినలేదు.

ఉగాది వేడుకలు, ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం, కార్తీక మాసపు వనభోజనాలు కూడా ఉన్నాయి కదా అంటారు. ఈ మూడింటిలో ఆగస్టు 29 మేలు. ఆ రోజు గిడుగు జయంతి, భాష గురించి వినడానికే జనం వస్తారు, ఇరవై నిమిషాలు అడిగితే ఇస్తారు. ఉగాదికి కవి సమ్మేళనంలో వరసలో నిలబడాలి, నవల రాసినవాళ్లకి ఐదు నిమిషాలు కూడా దక్కవు. వనభోజనాల్లో పిల్లల ఆటలు, హౌసీ, వడ్డన హడావుడి మధ్య ఎవరికీ ఏదీ వినబడదు. అక్కడ పుస్తకం బల్ల పెట్టుకోవచ్చు, చదవడానికి మాత్రం ప్రయత్నించకండి. ఇక సంక్రాంతి, దసరా వారాల్లోనూ, పిల్లల బోర్డు పరీక్షలప్పుడూ ఏ కార్యక్రమమూ పెట్టకపోవడమే మంచిది.

జాతరల్లో స్టాల్ పెట్టడం గురించి కూడా అడుగుతుంటారు. బరంపురంలో రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి యాత్రకి జనం పోటెత్తుతారు. రాయగడ మజ్జిగౌరి అమ్మవారి దగ్గరికి ఆంధ్ర వైపు నుంచీ భక్తులు వస్తారు. జనం ఉన్నారు కదా అని ఆశ పుడుతుంది. కానీ అక్కడికి వచ్చినవాళ్ల మనసు మొక్కు మీదా, పిల్లల బొమ్మల మీదా ఉంటుంది. నవల కొనే చోటు అది కాదు.

ఒడియా రచయితలతో కలిసి ఉమ్మడి సభ పెట్టడం చాలామందికి తట్టని దారి. ఒడిశా పట్టణాల్లో పుస్తక మేళాల సంప్రదాయం గట్టిది, పుస్తకం కొని చదివే అలవాటున్న మధ్యతరగతి ఉంది. తెలుగు నవల్లోంచి రెండు పేజీల ఘట్టాన్ని ఒడియాలోకి చేయించుకుని, ముందు తెలుగులో, తర్వాత ఒడియాలో చదివితే ఆ గదిలో కూర్చున్న తెలుగు కుర్రాళ్లు, ఒడియా పెద్దలు ఇద్దరూ వింటారు. అప్పటికప్పుడు తెలుగు ప్రతులు ఎక్కువ అమ్ముడవవు, నిజమే. కానీ అనువాదకుడు దొరికేది అలాంటి చోటే. తొలి నవలకి రెండో భాష దొరకడం ఎంత అదృష్టమో ఆలోచించండి. నా లెక్కలో ఇంటి పఠనం తర్వాతి స్థానం దీనిదే, ఆవిష్కరణ సభ దీని కంటే వెనక.

డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం తెలుగు పాఠకులు డబ్బు పట్టుకుని వచ్చే చోట్లు. ఒక్క పుస్తకం కోసం సొంత స్టాల్ తీసుకోవడం తొలి రచయితకి భారం. తెలిసిన ప్రచురణకర్త స్టాల్లో కొన్ని ప్రతులు పెట్టించి, శని ఆదివారాలు అక్కడ నిలబడితే చాలు. శ్రీకాకుళంలో కథకుడు కాళీపట్నం రామారావు 1997లో స్థాపించిన కథానిలయం అనే గ్రంథాలయం మనకి దగ్గర. అది ప్రధానంగా కథలకి ఇల్లు. అయినా ఏటా ఫిబ్రవరిలో అక్కడి వార్షికోత్సవానికి వచ్చే రచయితలని కలవడం మనకి ఎంతో ఉపయోగం, విశాఖ సభకి అయ్యే ఖర్చులో పదో వంతు కూడా కాదు.

ఫోన్‌లో రికార్డు చేసిన ఆడియోని మాత్రం అందరూ చేయాలంటాను. పఠనంలో చదివిన ఘట్టాలనే ఇంట్లో ఫ్యాన్ ఆపి, తలుపులు వేసి, శుభ్రంగా రికార్డు చేయండి. పుస్తకం లోపలి అట్ట మీద ఒక క్యూఆర్ కోడ్ అచ్చు వేయిస్తే మనవరాలు ఫోన్ పెట్టి వింటుంది, మామ్మ పేజీ తిప్పుతుంది. అయితే ఆడియో ఒక్కటే పంపి ఊరుకుంటే ఎవరూ చివరిదాకా వినరు. ఎదురుగా కూర్చుని ఒకసారి విన్న గొంతునే మళ్లీ వినాలనిపిస్తుంది. కాబట్టి ఇది పఠనానికి తోడుగా ఉండాలి.

దూరపు పాఠకులకి పంపడం ఇప్పుడు కాస్త తేలికైంది. తపాలా శాఖ 2025 మే 1 నుంచి పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ మొదలుపెట్టింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలు, పన్ను అదనం. పుస్తకం మీద ముద్రాపకుడి పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి, సొంతంగా వేసుకునేవాళ్లు ఇది మరచిపోకూడదు. రెండువందల పేజీల నవలని కాగితం మరీ మందంగా లేకుండా చూసుకుంటే మొదటి ధరలోనే వెళ్లిపోతుంది. ఐఎస్‌బీఎన్ అనే పుస్తక గుర్తింపు సంఖ్యని మన దేశంలో ఉచితంగానే ఇస్తారు, దానికి డబ్బు అడిగేవాళ్లని నమ్మకండి.

చేతిలో ఇరవై వేలు, ఏడాది సమయం ఉన్న రచయిత నన్ను అడిగితే ఇలా చెప్తాను. వర్షాకాలంలో పుస్తకం తెచ్చుకోండి. ఆగస్టు 29కి మీ ఊళ్లో మొదటి పఠనం పెట్టుకుని, దసరా వెళ్లాక మళ్లీ మొదలుపెట్టి డిసెంబరు దాకా బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, ఎక్కడ చుట్టాలో స్నేహితులో ఉంటే అక్కడ ఇళ్లలో చదవండి. దీనికి బస్సు, రైలు ఖర్చులే, ఐదారు వేలు దాటవు. ఒడియా అనువాదం చేసినవారికి గౌరవంగా కొంత ఇవ్వండి, దానికి బేరం ఆడకండి. తర్వాత విజయవాడకి ఒక పెట్టె పంపి, రెండు రోజులు వెళ్లి రండి. ఫిబ్రవరిలో శ్రీకాకుళం. ఇంకా డబ్బు మిగిలితే, విశాఖ మిత్రులు పిలిస్తే, అప్పుడు అక్కడ సభ పెట్టుకోండి. వేదిక మీద ముగ్గురికి మించకుండా చూసుకుని, మొదటి పావుగంట నవల్లోంచి మీరే చదవండి. అప్పటికి ఏ పేజీ జనానికి నచ్చుతుందో మీకు బాగా తెలిసి ఉంటుంది.