లీడ్స్ ముసురులో బర్బరీ ట్రెంచ్ కోటు: పదేళ్లకు పైగా వాడాక

నా దగ్గరున్నది ఇంగ్లండు ఫ్యాషన్ సంస్థ బర్బరీ వాళ్ల ట్రెంచ్ కోటు, అంటే నడుముకు బెల్టు ఉండే పొడవాటి వానకోటు. కెన్సింగ్టన్ అనే కట్, తేనె రంగు, మోకాలికి కాస్త పైదాకా వచ్చే పొడవు. కొని పదేళ్లు దాటింది. ఉంటున్నది ఇంగ్లండులోని లీడ్స్‌లో కాబట్టి వాడకానికి కొదవ లేదు. వసంతమంతా, మళ్లీ సెప్టెంబర్ నుంచి చలి ముదిరేదాకా దాదాపు రోజూ ఒంటి మీద ఇదే. ఆఫీసుకు వేసుకెళ్లాను, ఇక్కడి మనవాళ్ల పెళ్లిళ్లకు పట్టుచీర మీద కూడా వేసుకున్నాను. నేను దీన్ని వాడుతుండగానే ఆ సంస్థలో ముగ్గురు ముఖ్య డిజైనర్లు మారారు, లోగో రెండుసార్లు మారింది. నూట డెబ్బై ఏళ్ల చరిత్ర ఉన్న ఫ్యాషన్ సంస్థ తన పాత సొమ్మును ఎలా వాడుకుంటుంది, ఎప్పుడు మర్చిపోతుంది అన్నది ఈ ఒక్క కోటు పక్కన నిలబడి చూస్తే బాగా తెలిసింది. అందుకే కోటుతో పాటు ఆ సంస్థ నడిచిన దారి గురించి కూడా రాస్తున్నాను.

ముందు బట్ట సంగతి. థామస్ బర్బరీ 1856లో బేసింగ్‌స్టోక్ ఊళ్లో దుకాణం పెట్టినప్పుడు ఆయన వయసు 21. అప్పట్లో వానకోటు అంటే రబ్బరు పట్టించిన బట్ట. నీళ్లు లోపలికి రావు, గాలి కూడా రాదు, వేసుకున్న మనిషి చెమటతో తడిసిపోతాడు. ఆయన 1879లో తయారు చేసిన గాబర్డిన్ వేరే పద్ధతి. నూలును నేయకముందే నీరు పట్టకుండా శుద్ధి చేసి, తర్వాత ఏటవాలు గీతలు కనిపించే ట్విల్ నేతలో పోగుల్ని బాగా దగ్గరగా బిగించి నేస్తారు. దీనికి 1888లో పేటెంట్ వచ్చింది. మగ్గం ఉన్న ఇంట్లో పుట్టినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. పడుగుకీ పేకకీ మధ్య సందు తగ్గేకొద్దీ నీటిబొట్టు పైనే నిలిచి జారిపోతుంది, కానీ బట్ట ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. ధ్రువ యాత్రికుడు షాకిల్టన్ బృందం అంటార్కిటికా మంచులోకి వేసుకెళ్లింది ఈ బట్టే.

వాడకంలో ఇది ఎలా ఉంటుందంటే, ఇక్కడ ఎక్కువగా పడే సన్న తుంపరకు గాబర్డిన్‌ని మించింది నేను చూడలేదు. బస్టాప్‌లో పావుగంట నిలబడ్డా బొట్లు ముత్యాల్లా పైనే ఉంటాయి, విదిలిస్తే రాలిపోతాయి. గాలికి మరీ మంచిది. లీడ్స్‌లో వానకంటే గాలే ఎక్కువ బాధపెడుతుంది, గొడుగు తిరగబడుతుంది, అప్పుడు ఈ కోటు విలువ తెలుస్తుంది. కుండపోత వానకు మాత్రం ఇది చాలదు. అరగంట దాటితే ముందు భుజాల కుట్ల దగ్గర, తర్వాత చేతుల మీద తడి లోపలికి దిగుతుంది. నేత బట్ట స్వభావమే అది. అలాంటి రోజున కొండలెక్కేవాళ్లు వేసుకునే ప్లాస్టిక్ పొర ఉన్న జాకెట్ వేసుకోవడమే మంచిది. చలికి కూడా అంతే. పది డిగ్రీల దాకా స్వెటర్ మీద హాయిగా సరిపోతుంది, అంతకంటే తగ్గితే ఉన్ని కోటు తీయాల్సిందే. హైదరాబాద్‌కు తీసుకెళ్లే ఆలోచన ఉంటే వద్దని చెబుతాను. మన వానల్లో ఉక్కపోత ఉంటుంది, దీన్ని ఒంటి మీద పది నిమిషాలు ఉంచుకోలేం.

కాలర్ గురించి విడిగా చెప్పాలి. ఈ కోటులో అన్నిటికంటే కష్టమైన పని అదే. 180కి పైగా చిన్న చిన్న కుట్లతో కాలర్‌ని మెడకు అమరేలా వంపు తిప్పుతారు, ఆ పని నేర్చుకోవడానికి ఏడాది పడుతుందని ఆ సంస్థే చెబుతుంది. నిజంగా అంత పని ఉందా అనుకునేవాళ్లు మామూలు ట్రెంచ్ కోటు కాలర్‌ను నిలబెట్టి చూడాలి. ఒక పక్కకు పడిపోతుంది, లేదా అట్టముక్కలా బిగుసుకుపోతుంది. ఇది మెడ వెనక నిలబడి ముందుకు మెత్తగా ఒరుగుతుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా నిలబడుతుంది. మధ్యలో ఒకసారి ఇంటి దగ్గరి డ్రై క్లీనింగ్ షాపువాళ్లు మందపాటి ఇస్త్రీతో దాన్ని బల్లపరుపుగా నొక్కేశారు, బట్ట మీద నీరు నిలిచే గుణం కూడా సగం పోయింది. ఆవిరి పట్టి కాలర్‌ను మళ్లీ దారిలోకి తెచ్చింది ఒక పెద్దావిడ, కోట్లు కుట్టే దర్జీ. తర్వాత రీప్రూఫింగ్, అంటే నీరు పట్టకుండా మళ్లీ శుద్ధి, చేయించాను, నీరు మళ్లీ నిలుస్తోంది. అప్పటినుంచి తరచుగా క్లీనింగ్‌కు ఇవ్వడం మానేశాను. మరకను తడిబట్టతో అద్ది, వెడల్పు హ్యాంగర్‌కు తగిలించి గాలికి ఆరబెడితే చాలు.

పాతబడటం ఎలా ఉందంటే, చేతుల అంచులు ముందు నలిగాయి. తేనె రంగు కాబట్టి అక్కడ మురికి తొందరగా కనిపిస్తుంది. బెల్టు బకిల్‌కు చుట్టిన తోలు గీతలు పడింది. బట్ట మాత్రం మెత్తబడి, మడతలు సహజంగా పడి, కొత్తలో కంటే ఇప్పుడే అందంగా ఉంది. కాజాల కుట్లు ఒక్కటి కూడా ఊడలేదు.

ఈ కోటు మీద కనిపించే పట్టీలు, రింగులు అలంకారం అనుకుంటాం కానీ అవన్నీ మొదటి ప్రపంచ యుద్ధం నాటి పని వస్తువులు. కందకాల్లో నిలబడ్డ అధికారుల కోసం భుజం మీది పట్టీ హోదా గుర్తులకు, బెల్టు మీది లోహపు రింగులు సామాన్లు తగిలించుకోవడానికి, వీపు మీది రెండో పొర వాన నీరు జారిపోవడానికి. వీటిలో నాకు రోజూ పనికొచ్చేవి వీపు మీది పొర, గొంతు దగ్గరి పట్టీ. రింగులకు నేను ఇంతవరకు ఏమీ తగిలించలేదు, కానీ అవి లేని కోటు చూస్తే బోసిగా అనిపిస్తుంది.

ట్రెంచ్ కోటు మాదేనని చెప్పుకునే ఇంకో ఇంగ్లండు సంస్థ ఉంది, ఆక్వాస్కూటమ్. 1851లో మొదలైంది, అంటే బర్బరీ కంటే ఐదేళ్లు పెద్దది. అంత చరిత్ర ఉండి కూడా 2012లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. పాత పేరు ఒక్కటే సంస్థను కాపాడదని నాకు గట్టిగా అనిపించింది అప్పుడే. బర్బరీ ఎందుకు నిలిచిందన్న ప్రశ్నకు సమాధానం డిజైనర్లలో వెతుకుతారు చాలామంది. నేను లీడ్స్ ఉన్న ఈ యార్క్‌షైర్ ప్రాంతంలోని రెండు ఊళ్లలో వెతుకుతాను. గాబర్డిన్ నేసేది కీత్లీ మిల్లులో, కోట్లు కుట్టేది కాసిల్‌ఫర్డ్ ఫ్యాక్టరీలో. రెండూ లీడ్స్‌కు దగ్గరే.

బర్బరీకి ఇంకో పాత సొమ్ము దాని గళ్లు. లేత గోధుమ రంగు మీద నలుపు, తెలుపు, ఎరుపు గీతలు. 1920లలో అది కోటు లోపలి లైనింగ్ మాత్రమే. తర్వాత గొడుగులకు, స్కార్ఫులకు వచ్చింది. 2000 తర్వాత ఇంగ్లండులో ఎక్కడ చూసినా అవే గళ్లు, అసలువీ నకిలీవీ కలిసి. చివరకు 2004లో ఆ గళ్ల టోపీని సంస్థే అమ్మడం ఆపేసింది. నా కోటులో గళ్లు లోపల ఉన్నాయి, గుండీ తీసినప్పుడే కనిపిస్తాయి. నాకు అదే సరైన చోటు అనిపిస్తుంది.

ఇక ఆ ముగ్గురు డిజైనర్ల సంగతి. మొదటివాడు క్రిస్టఫర్ బెయిలీ హాలిఫాక్స్‌లో పుట్టినవాడు, ఇక్కడి మనిషి. 2001 నుంచి 2018 దాకా ఉన్నాడు. నా కోటు ఆయన కాలానిదే. ఆయన ఆధునికత ఫ్యాషన్ షోలను ఇంటర్నెట్‌లో లైవ్‌గా చూపించడంలో, కోటును కాస్త సన్నగా కత్తిరించడంలో కనిపించింది. బట్టకూ, కోటు ఆకారానికీ ఇచ్చే ప్రాధాన్యం మాత్రం తగ్గించలేదు. 2018లో రికార్డో టిస్కీ వచ్చాడు. గ్రాఫిక్ డిజైనర్ పీటర్ సావిల్‌తో కొత్త లోగో చేయించాడు, లావు అక్షరాలు, సంస్థ పాత గుర్తయిన గుర్రం మీది యోధుడు మాయం, థామస్ బర్బరీ పేరులోని టీ, బీ అక్షరాలు కలిపిన కొత్త ముద్ర. ఆ అక్షరాల నమూనా సంచుల (హ్యాండ్‌బ్యాగుల) మీద, చొక్కాల మీద పరుచుకుంది. షాపులో వేసుకుని చూశాను, కుట్టు బాగుంది, కానీ అదే వస్తువును ఇంకో ఐదు సంస్థల పేరుతో ఊహించుకోవచ్చు. టిస్కీ ప్రతిభ మీద నాకు అనుమానం లేదు. ఈ సంస్థకు ఆ దారి నప్పలేదు అన్నదే నా అభిప్రాయం. వానకోటుతో పేరు తెచ్చుకున్న సంస్థ ఇది. ఇక్కడ లోగో పెద్దదయ్యేకొద్దీ బట్ట చిన్నదవుతుంది.

అదే 2018లో ఇంకో విషయం బయటికొచ్చింది. ముందటి ఏడాది అమ్ముడుపోని సరుకును 2.86 కోట్ల పౌండ్ల విలువైనంత నాశనం చేసినట్లు సంస్థ వార్షిక నివేదికలోనే ఉంది. చవగ్గా అమ్మితే పేరు పోతుందని లగ్జరీ సంస్థలు చేసే పని ఇది. విమర్శలు వచ్చాక ఆ సెప్టెంబర్‌లో సరుకు కాల్చడం ఆపేస్తామని ప్రకటించారు. మిల్లులో ఒక్కో గజం ఎంత శ్రద్ధగా నేస్తారో తెలిసినవాళ్లకు ఆ వార్త చాలా బాధ కలిగించింది, నాకూ అంతే.

2022లో డేనియల్ లీ వచ్చాడు. ఈయనదీ ఇక్కడే, లీడ్స్ పక్కనున్న బ్రాడ్‌ఫర్డ్. వచ్చిన కొద్ది నెలలకే 2023లో గుర్రం మీది యోధుణ్ని నీలి రంగులో తిరిగి తెచ్చాడు, సన్నని పాత తరహా అక్షరాలు తెచ్చాడు. ఆ నీలం నాకు బాగా నచ్చింది. పాతదాన్ని అద్దాల బీరువాలో పెట్టకుండా రంగు మార్చి వాడుకోవడం అంటే అదే. కానీ సంచుల ధరలు విపరీతంగా పెంచారు. కోటు కోసం వచ్చే మనిషిని సంచి కోసం అంత డబ్బు అడిగితే ఇవ్వదు. అమ్మకాలు పడిపోయాయి. 2024 సెప్టెంబర్‌లో లండన్ పెద్ద కంపెనీల సూచీ ఎఫ్‌టీఎస్‌ఈ 100 నుంచి బర్బరీ బయటికి పోయింది. ఆ వేసవిలోనే వచ్చిన కొత్త సీఈఓ జోషువా షుల్మన్ కోట్లు, స్కార్ఫుల మీదికి మళ్లీ దృష్టి తిప్పాడు, 2025 సెప్టెంబర్‌లో సంస్థ ఆ సూచీలోకి తిరిగి వచ్చింది. ఈ మలుపు సరైనదే.

నాకు గుచ్చుకునే సంగతి ఒకటి ఉంది. 2025 మేలో ప్రపంచవ్యాప్తంగా 1,700 దాకా ఉద్యోగాలు తగ్గిస్తామని చెప్పినప్పుడు అందులో కాసిల్‌ఫర్డ్ ఫ్యాక్టరీ రాత్రి షిఫ్టు కూడా ఉంది. అవసరానికి మించి తయారవుతోంది అన్నది సంస్థ చెప్పిన కారణం. లెక్క ప్రకారం అది నిజమే కావచ్చు. అయినా, మా వారసత్వం మా కోటే అని ప్రకటనలు ఇస్తున్న కాలంలో ఆ కోటు కుట్టే చేతులు తగ్గడం నాకు మింగుడు పడటం లేదు. 2015లో లీడ్స్‌లో కొత్త ఫ్యాక్టరీ కడతామని కూడా చెప్పారు, అది జరగలేదు. కాలర్ పని నేర్చుకోవడానికి ఏడాది పట్టే చోట, పోయిన మనిషి స్థానంలో రేపు ఇంకొకరిని పెట్టలేరు.

ఇక కొనాలా వద్దా. కొత్తదైతే ఇప్పుడు రెండు వేల పౌండ్ల చుట్టుపక్కల ఉంటుంది. ఇక్కడికి చదువుకోవడానికి వచ్చే మన పిల్లలు అడిగితే వద్దని చెబుతాను, ఫీజుల టెన్షన్ చాలు. వాళ్లకు సెకండ్ హ్యాండ్ మంచి దారి. పాత కోట్ల లేబుల్ మీద పేరు చివర ఇంగ్లిష్ ఎస్ అక్షరం ఉంటే అది 1999 కంటే ముందుది, పేరు అప్పుడే మార్చారు. అలాంటివాటిలో చాలా కోట్లకు పాలిస్టర్ కలిసి ఉంటుంది. తప్పేం లేదు, ముడతలు తక్కువ పడతాయి, కానీ పూర్తి నూలు గాబర్డిన్ కావాలనుకుంటే లోపలి లేబుల్ చదివి తీసుకోండి. బెల్టు ఉందో లేదో చూడండి, అదే రంగుది విడిగా దొరకడం కష్టం. చంకల దగ్గర, కాలర్ మడత మీద అరుగుదల చూడండి. భుజం సరిపోకపోతే ఎంత తక్కువకు వచ్చినా వదిలేయండి, దర్జీ చేతుల పొడవు సరిచేయగలరు కానీ ఈ కోటు భుజం విప్పి కుట్టడం చాలా ఖర్చుతో కూడిన పని. లోపల స్వెటర్ వేసుకుని కొలత చూసుకోండి. కొత్తది కొనగలిగే స్తోమత ఉన్నవాళ్లకు మాత్రం, ఏ డిజైనర్ కాలంలోనైనా, ఆ ఏడాది కొత్తగా వచ్చిన ఆకారాల జోలికి పోకుండా హెరిటేజ్ వరుసలోని, అంటే పాత పద్ధతి ఆకారాల కట్‌లలోనే చూడమంటాను. నేను ఇంకోటి కొంటే వెస్ట్‌మిన్‌స్టర్ కట్ కొంటాను, అది కాస్త వదులు, చీర మీదికి బాగా కుదురుతుంది.