‘శాటిలైట్ కిట్’ పేరిట సిమ్ రౌటర్లు అంటగడుతున్నారు: స్వచ్ఛంద సంస్థలు జాగ్రత్త

గోదావరి, శబరి పొంగినప్పుడు చింతూరు, కూనవరం మండలాల్లో వైద్య శిబిరాలు నడిపే మా సంస్థ, ‘ఎక్కడైనా పనిచేసే సురక్షిత శాటిలైట్ ఇంటర్నెట్’ అని నమ్మబలికిన ఒక అమ్మకందారు దగ్గర చేతిపెట్టెలో ఇమిడే కిట్ కొన్నది. అదే సరుకును ఏజెన్సీలో పనిచేసే ఇతర సంస్థలకూ చూపిస్తున్నారని తెలిసి ఇది రాస్తున్నాను.

పెట్టెలో ఉన్నది నాలుగు సిమ్‌లు పట్టే రౌటరు, బ్యాటరీ, జీపు పైకప్పుకు అంటుకునే అయస్కాంతపు యాంటెన్నా మాత్రమే. ఉపగ్రహంతో నేరుగా మాట్లాడే పరికరం, అంటే ఉపగ్రహ టెర్మినల్, విడిగా కొని తగిలించుకోవాలట! పోనీ సిమ్‌లతోనైనా నడుస్తుందా అంటే, ఆ ఊళ్లలో చాలాచోట్ల బీఎస్ఎన్ఎల్ టవరే దిక్కు. బీఎస్ఎన్ఎల్ 4జీకి అడవిలోనూ దూరం అందేది 700 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలు, అంటే బ్యాండ్ 28; వేరే దేశపు మార్కెట్ కోసం తయారైన ఈ రౌటరులో ఆ బ్యాండే లేదు. మా నర్సు ఫోనులో రెండు గీతలు కనిపిస్తున్న చోటే ఇది ‘నో సర్వీస్’ అని చూపిస్తూ కూర్చుంది.

అంతకన్నా కలవరపెట్టే విషయం ఆ ‘సురక్షిత’ మాట వెనుక ఉంది. సిమ్‌లన్నిటినీ కలిపి ఒకే కనెక్షన్‌గా నడపాలంటే మన సమాచారమంతా మధ్యలో ఒక సర్వర్ గుండా పోవాలి. ఇక్కడ ఆ సర్వర్ అమ్మకందారుదే, గుప్తీకరణ తాళాలూ ఆయన చేతిలోనే ఉంటాయి, చందా ఆపితే లైను ఆగిపోతుంది. వెబ్‌సైట్లు స్వయంగా గుప్తీకరించి పంపేది ఆయన చదవలేకపోయినా, ఏ శిబిరం నుంచి ఏ సమయంలో ఎక్కడికి సమాచారం వెళ్లిందో తెలుసుకోగలరు. క్షయ రోగుల జాబితాలు పంపే మాకు అది చిన్న సంగతి కాదు. పైగా రౌటరు అడ్మిన్ పాస్‌వర్డు మార్చే వీలు కూడా ఇవ్వలేదు.

డబ్బు వాపసు అడిగితే, బదులుగా విదేశీ శాటిలైట్ ఫోను కొనుగోలు బిల్లు లేకుండా ఇప్పిస్తానన్నారు. దాని జోలికి అసలు పోవద్దు. అనుమతి లేకుండా థురాయా, ఇరిడియం ఫోన్లు దగ్గర ఉంచుకోవడం మన దేశంలో నేరం. వాటితో దిగిన విదేశీ ప్రయాణికులనే విమానాశ్రయాల్లో అరెస్టు చేశారు. శాటిలైట్ ఇంటర్నెట్ సంస్థ స్టార్‌లింక్‌కు 2025 జూన్‌లో టెలికాం శాఖ లైసెన్సు ఇచ్చిన మాట నిజమే గానీ, బయటి దేశంలో కొన్న డిష్‌ను ఇక్కడ బిగించుకోవడానికి అది అనుమతి కాదు.

ఇలాంటి కిట్ కొనదలచినవారు, రౌటరు పట్టే బ్యాండ్ల జాబితాను, సర్వర్ ఎవరి అధీనంలో ఉంటుందన్న సంగతిని కాగితం మీద రాయించుకోండి. డెమో మాత్రం హైదరాబాద్ ఆఫీసులో కాకుండా, మీరు శిబిరం పెట్టే ఊళ్లోనే చూపించమనండి. ఒప్పుకోకపోతే అడ్వాన్సు ఇవ్వకండి.