గంట రేసుకి అగ్రెసివ్ సెటప్పా, సేఫ్ సెటప్పా?

పటమటలో మేం ఏడెనిమిది మందిమి ఆదివారం రాత్రుళ్లు అసెట్టో కోర్సా కాంపెటిజియోనే అనే కార్ రేసింగ్ వీడియో గేమ్‌లో గంట రేసులు ఆడుతుంటాం. కొత్తగా చేరినవాళ్లంతా అడిగేది ఒకటే: "అన్నా, అగ్రెసివ్ పెట్టనా, సేఫ్ పెట్టనా?" సెటప్ అంటే టైర్ల గాలి, వింగ్ లాంటివాటి అమరిక. గేమ్ ఇచ్చే ఈ రెండు సెటప్‌లతోనూ ఇటలీలోని మోంజా ట్రాక్‌లో నెల రోజులు తిప్పి చూశాను.

ఒక్క ల్యాప్ (ట్రాక్ చుట్టూ ఒక చుట్టు) వేగం కావాలంటే అగ్రెసివే. ముందు చక్రాలు చెప్పిన మాట వింటాయి, మలుపులో కారు చటుక్కున తిరుగుతుంది. క్వాలిఫైయింగ్‌లో, అంటే ఎవరు ఎక్కడ నుంచి మొదలుపెట్టాలో తేల్చే రౌండ్‌లో, నాకు దాంతో 1:48.6 వచ్చింది. సేఫ్‌తో 1:49.1 దాటి కిందికి రాలేదు. అర సెకను అంటే గ్రిడ్‌లో (రేసు మొదలయ్యే వరసలో) మూడు నాలుగు స్థానాల తేడా.

కానీ గంట రేసును తేల్చేది వెనక టైర్లే అని నా నమ్మకం. అగ్రెసివ్‌లో మలుపు నుంచి బయటికొచ్చే ప్రతిసారీ వెనక భాగం కొద్దిగా జారుతుంది. జారిన కొద్దీ టైరు వేడెక్కుతుంది, లోపల గాలి పీడనం పెరుగుతుంది, పట్టు తగ్గుతుంది, పట్టు తగ్గాక ఇంకా జారుతుంది. మేం నడిపే జీటీ3 తరగతి రేసు కార్లకు పొడి ట్రాక్ మీద వేడెక్కాక టైర్లో గాలి 26 నుంచి 27 పీఎస్‌ఐ (గాలి పీడనం కొలత) మధ్య ఉండాలి. ఇరవై నిమిషాలయ్యేసరికి నా వెనక టైర్లు 27 దాటేశాయి, ల్యాప్ 1:50 పైకి పోయింది. సేఫ్‌తో చివరిదాకా 1:49ల్లోనే తిరిగాను.

ఆటోనగర్‌లో లారీ టైర్లు చూసేవాళ్లు బండి కదలకముందే, పొద్దున్నే గాలి చూపించుకోమంటారు. ఇక్కడా అదే లెక్క. మనం పెట్టేది టైరు చల్లగా ఉన్నప్పటి పీడనం, కానీ చూడాల్సింది మూడు నాలుగు ల్యాప్‌ల తర్వాతి అంకె. గాలి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే టైర్లో సుమారు 0.1 పీఎస్‌ఐ పెరుగుతుంది. మధ్యాహ్నం రేసుకి సరిపోయిన అంకెలు రాత్రి రేసుకి పనికిరావు. ఈ ఒక్కటీ సరిచూసుకోకపోతే ఏ సెటప్ అయినా దండగే.

సేఫ్‌లో చిరాకు పెట్టేది ముందు భాగం సరిగ్గా తిరగకపోవడం. దానికి వెనక యాంటీ రోల్ బార్ (మలుపులో కారు పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీ) ఒక్క క్లిక్ గట్టి చేయండి. మోంజాలో అయితే వెనక వింగ్ (కారును నేలకు అదిమిపట్టే రెక్క) కూడా ఒకటి తగ్గించండి, నేరు దారిలో వేగం కలిసొస్తుంది. రెండూ చేశాక పది ల్యాప్‌లు తిప్పి చూడండి. ఒకేసారి ఐదారు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. వెనక జారుతోందనిపిస్తే టీసీ (ట్రాక్షన్ కంట్రోల్, చక్రాలు జారకుండా చూసేది) ఒకటి పెంచుకోవచ్చు, అది నడుపుతూనే మార్చుకోవచ్చు. వింగ్, బార్ అలా కుదరవు.

క్వాలిఫైయింగ్‌కి అగ్రెసివ్, రేసుకి సేఫ్ పెట్టుకోవచ్చు కదా అంటారు కొందరు. పెట్టుకోవచ్చు. కానీ బ్రేక్ వేసే చోటు మారిపోతుంది, మొదటి షికేన్‌లోనే (వేగం తగ్గించే వంకర మలుపులో) చెయ్యి తడబడుతుంది. రెండింటికీ విడివిడిగా సాధన చేసే తీరిక ఉన్నవాళ్లకే అది.

బయట డబ్బులు పెట్టి కొనే సెటప్‌లూ ఉంటాయి, కానీ అవి వాటిని తయారు చేసినవాళ్ల చేతికి సరిపోతాయి. ఇరవై నిమిషాల రేసైతే అగ్రెసివ్ వాడండి, టైర్లు తట్టుకుంటాయి.

వచ్చే ఆదివారం రేసు బెల్జియంలోని స్పాలో. 7.004 కిలోమీటర్ల ట్రాక్, నడిమి భాగమంతా వేగమైన మలుపులు. సేఫ్‌తోనే దిగుతున్నాను, ఈసారి వింగ్ మాత్రం తగ్గించను.