మెట్రోనా, బీఆర్‌టీఎస్ బస్సా?

బీఆర్‌టీఎస్ అంటే రోడ్డు మీద బస్సులకే ప్రత్యేకంగా వదిలిన లేన్లు, అంటే బస్సు దారి.

ఖర్చు: మెట్రోకి కిలోమీటరుకు వందల కోట్లు. బస్సు దారికి పదుల కోట్లు చాలు.

సమయం: హైదరాబాద్ మెట్రో పనులు 2012లో మొదలైతే, తొలి రైలు 2017 నవంబరులో ఎక్కాం. బస్సు దారి రెండు మూడేళ్ల పని, మధ్యలో కోర్టు కేసులు రాకపోతే.

జనం: ఇక్కడ మెట్రోదే పైచేయి అంటారు కానీ, కొలంబియా రాజధాని బొగోటాలో 2000లో మొదలైన ట్రాన్స్‌మిలేనియో అనే బీఆర్‌టీఎస్ రద్దీ వేళ గంటకు ఒకవైపు 40 వేల మందికి పైగా మోస్తుంది. కిటుకు ఏమిటంటే, స్టేషన్ల దగ్గర ఒక బస్సు ఆగినా వెనకది దాటిపోయేలా రెండు లేన్లున్నాయి. అహ్మదాబాద్ బీఆర్‌టీఎస్‌లోనూ టికెట్ స్టేషన్‌లోనే తీసుకుంటారు. ప్లాట్‌ఫాం బస్సు ఫ్లోరు ఎత్తులోనే ఉంటుంది, చంటిపిల్లతోనైనా అడుగేసి ఎక్కేయొచ్చు.

రిస్క్: మెట్రోకి అప్పు, వడ్డీ. బస్సుకి పక్క లేన్‌లో హారన్ కొట్టే కారు. ఢిల్లీలో 2008లో వేసిన 5.8 కిలోమీటర్ల బస్సు దారిని 2016లో పీకేశారు. విశాఖలో పెందుర్తి, సింహాచలం వైపు ‘బీఆర్‌టీఎస్ రోడ్డు’ అన్న పేరు మాత్రం అందరికీ తెలుసు. బస్సు లేన్‌లో ఆటో, బైకు ఎదురైతే ఎవరూ ఆశ్చర్యపోరు!

రోడ్డు ఇరుకై, జనం కిక్కిరిసిన చోట మెట్రో కట్టండి, డబ్బుంటే. రోడ్డు వెడల్పుగా ఉండి, కారువాళ్లకి ‘ఇది మీ లేన్ కాదు’ అని చెప్పే ధైర్యం పాలకులకుంటే, బస్సే నయం.