నొప్పి బిళ్లల మత్తు అలవాటు: ఇంట్లో మానిపించాలా, డీఅడిక్షన్ సెంటర్‌లో చేర్చాలా, పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలా?

మా తమ్ముడు చెన్నైలో వెల్డింగ్ పని చేసేవాడు. పరంజా మీంచి పడి నడుముకి దెబ్బ తగిలితే అక్కడ ట్రమడాల్ బిళ్లలు రాశారు. నొప్పి తగ్గినా బిళ్లలు ఆగలేదు. ఆమదాలవలస దగ్గర మా ఊరికి పండక్కి వచ్చినప్పుడల్లా రెండో రోజుకి ముక్కు కారడం, వరసగా ఆవలింతలు, ఒళ్లంతా గగుర్పాటు, విరేచనాలు, కాళ్లు పీకుడు. "ఏట్రా, మన నీళ్లు పడట్లేదా?" అంటూ అమ్మ మిరియాల కషాయం కాచేది. వాడు బజారుకెళ్లి వచ్చిన గంటకల్లా అన్నీ మాయం. గంటలో తగ్గే జలుబు ఎక్కడైనా ఉంటుందా అని మాకెవరికీ తట్టలేదు. రెండేళ్లు అలాగే గడిచిపోయాయి.

తాగుడైతే వాసన పట్టిస్తుంది. దీనికి వాసన ఉండదు. బిళ్ల అందకపోతే వచ్చి, అందగానే పోయే ఈ జలుబే అసలు గుర్తు. రెండు బిళ్లలు సరిపోయే మనిషికి పది కావాల్సి వస్తుంది. మలబద్ధకం పట్టుకుంటుంది, కూర్చున్నచోటే జోగుతాడు, ఒక మందుల షాపులో ఇవ్వకపోతే పక్క ఊరి షాపు వెతుక్కుంటాడు. దగ్గు సిరప్‌లోని కొడీన్, నొప్పికి పొడిచే పెంటజోసిన్ సూది కూడా ట్రమడాల్ లాగే నల్లమందు పనే చేస్తాయి. ట్రమడాల్‌ను 2018లో మాదకద్రవ్యాల చట్టం కిందకి తెచ్చింది అందుకే.

మేం మూడు దారులూ చూశాం.

మొదటిది ఇల్లు. "గదిలో పెట్టి గడియ వేసెయ్ అక్కా" అని వాడే అడిగాడు. బిళ్ల మానిన రోజే బాధ మొదలవుతుంది, రెండు మూడు రోజులకి భరించలేనంత అవుతుంది, వారం పది రోజుల్లో ఒళ్లు సర్దుకుంటుంది. మామూలుగా ఇది ప్రాణం తీయదు గానీ వాంతులు, విరేచనాలతో నీరసించిపోతే ప్రమాదమే. గర్భిణులు, ఇంతకుముందు మూర్ఛ వచ్చినవాళ్లు, తాగుడు, నిద్రమాత్రలు కూడా అలవాటైనవాళ్లు ఇంట్లో ఈ ప్రయత్నం చేయనే కూడదు. మావాడు తొమ్మిది రోజులు ఓర్చుకున్నాడు. మూడు వారాలకి మళ్లీ మొదలెట్టాడు. పౌరుషం లేదని వాడిని తిట్టాం. ఆ మాటలు తలచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది.

రెండోది ప్రైవేటు సెంటర్. అప్పు చేసి మూడు నెలలు ఉంచాం. ఫోన్ ఇవ్వలేదు, మమ్మల్ని చూడనివ్వలేదు, మానసిక వైద్యుడు ఒక్కసారీ రాలేదు. అయినా బరువు పెరిగి, నవ్వుతూ ఇంటికొచ్చాడు. గండం గడిచిందనుకున్నాం. అసలు గండం అప్పుడే. కొన్ని నెలలు మానేసిన ఒంటికి పాత తట్టుకునే శక్తి ఉండదు. ఒకరోజు వాడు మునుపటి లెక్కనే బిళ్లలు మింగాడు. పెదాలు నీలం తిరిగి, ఊపిరి ఆగి ఆగి వస్తుంటే 108కి ఫోన్ చేశాం. బతికాడు. ఈ సంగతి సెంటర్ నుంచి పంపేటప్పుడు ఒక్కరు చెప్పి ఉంటే!

సెంటర్లన్నీ అలాంటివే అనను. ఇంటి చుట్టూ సరుకు తెచ్చిచ్చే స్నేహితులే ఉంటే కొన్నాళ్లు దూరంగా ఉండడం మంచిదే. కానీ చేర్చే ముందు అడగండి: మానసిక వైద్యుడు ఉన్నాడా, 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా, మనిషిని చూడనిస్తారా? గొలుసులతో కట్టడం ఆ చట్టం ప్రకారం నేరం.

మూడోది ప్రభుత్వాసుపత్రి మానసిక విభాగం. శ్రీకాకుళం వాళ్లకి రిమ్స్, విజయనగరం వాళ్లకి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రి, కాస్త దూరమైనా పర్లేదంటే విశాఖ ప్రభుత్వ మానసిక ఆసుపత్రి. "పిచ్చాసుపత్రా? రేపు పిల్లనెవరిస్తారు?" అని మా పిన్ని అడ్డుపడింది. నాన్నకేమో పోలీసుల టెన్షన్. మత్తుకు అలవాటైన మనిషి తనంతట తానే చికిత్సకు వస్తే, వాడుకున్న నేరానికి కేసు నుంచి రక్షణ ఇచ్చే 64ఎ సెక్షన్ మాదకద్రవ్యాల చట్టంలోనే ఉంది. ఇది తెలియక ఆగిపోతున్న ఇళ్లు ఎన్నో.

ఇక్కడ దొరికిన తేడా మందే. బ్యూప్రెనార్ఫిన్, నాలాక్సోన్ కలిసిన బిళ్లను నాలుక కింద పెట్టుకోవాలి. పాత బిళ్ల ప్రభావం తగ్గి, ఆవలింతలు మొదలయ్యాకే ఇస్తారు. తొందరపడితే బాధ ఒక్కసారిగా పెరుగుతుంది. తర్వాత యావ తగ్గుతుంది, మనిషి పనికి వెళ్లగలడు. ఒక మత్తు మానిపించి ఇంకోటి అంటగట్టారని మా ఊళ్లో అన్నారు. మత్తులో జోగే మనిషి పొద్దున్నే ఆరింటికి పనికి వెళ్తాడా? పూర్తిగా మానేసి వారం పది రోజులు దాటినవాళ్లకి నాల్‌ట్రెక్సోన్ అనే వేరే మందు ఉంది. ఏది ఎవరికో డాక్టరే చెప్పాలి.

కష్టాలు లేవనను. వెళ్లిన ప్రతిసారీ ఒకరోజు కూలి పోతుంది, క్యూ ఉంటుంది. ఈ మందు అన్నిచోట్లా ఉండదు, బయల్దేరే ముందే మత్తు మానిపించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేసి కనుక్కోండి. అయినా మూడింటిలో నా ఓటు దీనికే. మిగతా రెండూ బిళ్ల మానిపించి వదిలేశాయి. ఇక్కడ నడుం నొప్పి గురించి కూడా అడిగారు, వ్యాయామం నేర్పించారు. ఆ నొప్పితోనే ఇదంతా మొదలైందని అంతకుముందు ఎవరూ పట్టించుకోలేదు.

"ఇంకా ఎన్నాళ్లు బాబూ ఈ బిళ్ల?" అని అమ్మ డాక్టర్‌ని అడిగింది. నెలలు, ఒక్కోసారి ఏళ్లు పట్టొచ్చు, తొందరపడి ఆపొద్దు అన్నారాయన. అమ్మ బీపీకి పదేళ్లుగా బిళ్ల వేసుకుంటోంది, ఆ మాట ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు వాడి బిళ్లల్ని బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. రోజూ పొద్దున్న ఒకటి తీసిచ్చి, నాలుక కింద అది కరిగేదాకా వాడి ఎదురుగానే కూర్చుంటుంది.