పాత టాటా 1613కు సామాను: ఇనుముది ఒక లెక్క, రబ్బరుది ఒక లెక్క

పాత లారీకి కంపెనీ సామాను వేయాలా, బయటి సామాను వేయాలా అన్న మాట వచ్చినప్పుడల్లా ఇంజను గురించీ, గేరుబాక్సు గురించీ, క్లచ్చు గురించీ మాట్లాడేవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. 2004లో తయారైన టాటా 1613 బండిని ఏళ్ల తరబడి నడిపిస్తున్న యజమానిగా నేను రాయదలచుకున్నది మాత్రం వెనక చక్రం నడిమి భాగమైన హబ్బులో ఎవరికీ కనబడకుండా కూర్చునే ఆయిల్ సీలు గురించి. ఆ బండిలో నాకు అంత కోపం తెప్పించిన వస్తువు మరొకటి లేదు. సరైనది దొరికిన తర్వాత అంత నిశ్చింతనిచ్చిన వస్తువూ మరొకటి లేదు.

బండి సామర్థ్యం, ఇంజను శక్తి వంటి అందరికీ తెలిసిన వివరాలు మళ్లీ చెప్పను. కమిన్స్ ఇంజను సామానుకు నాకు ఏనాడూ కరువు రాలేదు. ఆ 6బీటీ రకం ఇంజను లారీలకూ బస్సులకూ జనరేటర్లకూ కూడా వాడినది కావడం వల్ల పిస్టన్లు, రింగులు, బేరింగు షెల్లులు విజయవాడ ఆటోనగర్‌లో పేరున్న తయారీదార్లవే తేలికగా దొరుకుతాయి, వాటి మీద నాకు ఫిర్యాదేమీ లేదు. నా అనుభవంలో చిక్కంతా చక్రాల దగ్గరే వచ్చింది.

వెనక యాక్సిల్ నడుమ గేర్లుండే క్రౌనులో పోసిన గేరు నూనె, యాక్సిల్ హౌసింగు గొట్టాల వెంట రెండు పక్కలా చక్రాల వైపు పాకుతుంది. అది హబ్బు దాటి బ్రేకు డ్రమ్ములోకి రాకుండా ఆపేది ఈ సీలే. సీలు లోపలి అంచు మెత్తగా ఉండి, దాని వెనక ఉన్న సన్నని స్ప్రింగు ఆ అంచును ఇనుముకు సమంగా అదిమి పట్టి ఉంచినంత కాలం నూనె ఉండవలసిన చోటే ఉంటుంది. మామూలు నైట్రైల్ రబ్బరు సుమారు 100 డిగ్రీల వేడి వరకు ఓర్చుకుంటుంది గానీ, బరువుతో ఘాటు రోడ్డు దిగేటప్పుడు డ్రమ్ములో పుట్టే వేడి హబ్బుకు పాకి, నాసిరకం రబ్బరును కొద్ది నెలల్లోనే గట్టిపరుస్తుంది. గట్టిపడిన అంచు పగుళ్లు వారుతుంది, ఆ పగుళ్లలోంచి నూనె, బ్రేకు తొక్కినప్పుడు డ్రమ్మును ఒరుసుకుని పట్టే లైనర్ల మీదికి చేరుతుంది. బయటికి చుక్క కూడా కారకుండా లోపల ఇదంతా జరిగిపోవచ్చు.

మా బండికి సరిగ్గా ఇదే జరిగింది. నంద్యాల మిల్లులో బియ్యం ఎత్తుకుని గుంటూరుకు బయలుదేరాము, ఆ రోజు నేనూ బండిలోనే ఉన్నాను. నల్లమల ఎక్కుతున్నంత సేపూ ఏ తేడా తెలియలేదు. గిద్దలూరు వైపు దిగుడు మొదలైన తర్వాత బ్రేకు తొక్కినప్పుడల్లా బండి కొంచెం ఎడమకు గుంజడం మొదలుపెట్టింది. రోడ్డు వాలు వల్ల కావచ్చునని మొదట అనుకున్నా, మలుపు తర్వాత మలుపుకు ఆ గుంజుడు పెరుగుతూ వచ్చింది, దానికి తోడు మాడిన నూనె వాసన క్యాబిన్‌లోకి వచ్చింది. మా డ్రైవరు పాత మనిషి, కంగారు పడే రకం కాదు. "కుడి వెనక చక్రం పట్టడం లేదండీ, ఎడమదే మొత్తం మోస్తోంది" అని చెప్పి, బండిని రెండో గేరులోకి దించి, బ్రేకు మీద కాలు ఎక్కువసేపు ఆనించకుండా, ఇంజను పట్టు మీదే మెల్లగా దింపుకుంటూ వచ్చాడు. వెనక వరుసగా బస్సులూ లారీలూ హారన్లు కొడుతూనే ఉన్నా అతడు గేరు మార్చలేదు. దిగువమెట్ట దాటి నేల చదునయ్యాక బండి పక్కకు తీసి చూస్తే, ఎడమ డ్రమ్ము దగ్గరికి చెయ్యి తీసుకుపోలేనంత వేడిగా ఉంది, కుడి డ్రమ్ము మాత్రం చాలా చల్లగా ఉంది. చల్లగా ఉన్న ఆ డ్రమ్మును చూసినప్పుడే నాకు ఎక్కువ భయం వేసింది, ఎందుకంటే ఘాటు పొడుగునా ఆ చక్రం దాదాపు ఏ పనీ చేయలేదని దాని అర్థం.

గిద్దలూరులో చక్రం విప్పించాము. లైనర్లు నూనెలో నానబెట్టినట్టు నల్లగా మెరుస్తున్నాయి. మేస్త్రీ సీలును ఊడదీసి నా చేతిలో పెట్టి, "గోరు దిగడం లేదు చూడండి, ఇది రబ్బరు కాదండీ, ప్లాస్టిక్కు" అన్నాడు. అంచు చుట్టూ సన్నని చీలికలు ఉన్నాయి, స్ప్రింగు తుప్పు పట్టి ఒకచోట తెగి ఉంది. అంతకుముందు హబ్బుల గ్రీజు మార్పించినప్పుడు వేరే ఊళ్లో ఒక షెడ్డులో వేసిన సీలు అది. కంపెనీ పేరున్న డబ్బాలోంచే తీసి వేశారు, కంపెనీ ధరే తీసుకున్నారు. డబ్బా మీద అచ్చు కూడా చూడటానికి అసలు దానిలాగే ఉంది. కొన్ని వందల రూపాయల వస్తువు విషయంలో జరిగిన ఆ మోసం వల్ల నాలుగు బ్రేకు షూల లైనర్లు మార్చవలసి వచ్చింది, సరుకు ఆలస్యమైంది, అన్నిటికంటే మించి ఇద్దరు మనుషుల ప్రాణాలు ఘాటు మీద ఒక పక్క బ్రేకుకు వేలాడాయి. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

నూనె తాగిన లైనర్లను పెట్రోలుతో కడిగి, మంట పెట్టి కాల్చి మళ్లీ బిగించే అలవాటు రోడ్ల పక్కన చాలాచోట్ల ఉంది. మా మేస్త్రీ దానికి ఒప్పుకోలేదు, అందుకు అతనికి ఎంత కృతజ్ఞత చెప్పినా చాలదు. పైన ఆరినట్టు కనిపించినా లోపలి రంధ్రాల్లో దాగిన నూనె వేడెక్కినప్పుడు మళ్లీ పైకి వస్తుంది. ఒక పక్క పాతవీ ఒక పక్క కొత్తవీ అయితే పట్టు సమంగా ఉండదు గనుక రెండు పక్కలా లైనర్లు మార్చాడు. హౌసింగు మీది బ్రీదరు (లోపలి గాలి బయటికి పోయే దారి) మట్టితో మూసుకుపోయి ఉంటే దాన్నీ విప్పి శుభ్రం చేశాడు. అది మూసుకుపోతే లోపలి గాలి వేడికి వ్యాకోచించి, మంచి సీలునైనా నెట్టుకుని నూనెను బయటికి తోస్తుంది. సీలు మార్చే ప్రతివాళ్లూ ముందు చూడవలసిన చోటు అదే అయినా, చూసేవాళ్లు మాత్రం నాకు తక్కువగానే కనిపించారు.

అప్పటి నుంచి సీళ్లను నేనే కొంటున్నాను. బండి పేరు చెప్పి అడగడం మానేసి, పాత సీలు మీద అచ్చుపోసిన లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం కొలతలనూ పార్టు నంబరునూ కాగితం మీద రాసుకుని వెళతాను, ఎందుకంటే చేతులు మారిన పాత బండిలో ఏ కాలపు యాక్సిల్ ఉందో పేరును బట్టి చెప్పలేము. డబ్బా మీది హోలోగ్రామునూ, గరిష్ఠ ధరతో పాటు చట్టప్రకారం ఉండవలసిన తయారీ నెలనూ సంవత్సరాన్నీ చూస్తాను. ఆ తర్వాత డబ్బాను పక్కన పెట్టి వస్తువును చూస్తాను: అంచు మీద గోరు నొక్కితే దిగి మళ్లీ లేవాలి, స్ప్రింగు గాడిలో చుట్టూ సమంగా కూర్చోవాలి, ఇనుప చుట్టుకూ రబ్బరుకూ మధ్య ఎక్కడా సందు ఉండకూడదు. బిల్లు లేకుండా కొనను. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గిన తర్వాత బిల్లుతో కొనడానికీ బిల్లు లేకుండా కొనడానికీ ఉన్న తేడా కొంత తగ్గింది, కాబట్టి ఆ కాస్త మిగులు కోసం అసలుదో కాదో తెలియని వస్తువును తెచ్చుకోవడానికి ఇప్పుడు కారణం ఇంకా తక్కువ. ఇలా ఎంచి వేయించిన కంపెనీ సీళ్లు అదే ఘాటు మీద, అదే బరువులతో, ఇంతవరకు ఒక్కసారి కూడా లైనర్లను తడపలేదు.

ఇనుము విషయంలో మాత్రం నాకు ఎదురైనది దీనికి పూర్తిగా భిన్నమైన అనుభవం, అదీ సంతోషకరమైనది. ఆ తర్వాత కొంతకాలానికి ఎడమ డ్రమ్ములో వేడి పగుళ్లు కనిపించి మార్చవలసి వచ్చినప్పుడు, కంపెనీ డ్రమ్ము వెంటనే దొరకక, తక్కువ ధరలో కొత్త లోకల్ డ్రమ్ము వేయించాము. అది వేడెక్కేకొద్దీ గుండ్రం తప్పి, బ్రేకు తొక్కితే బండి అదిరేది. లేతు (ఇనుమును తిప్పుతూ కోసే యంత్రం) మీద పెడితే పోతలోని గాలి రంధ్రాలు బయటపడ్డాయి, గోడ మందం కూడా ఒకచోట ఒకలా ఉంది. అప్పుడు మేస్త్రీ ఆటోనగర్‌లో విప్పేసిన బండ్ల సామాను అమ్మే చోటికి తీసుకువెళ్లి, నాకు నమ్మకం లేకపోయినా, అదే కాలపు ఒక పాత కంపెనీ డ్రమ్మును ఎంచాడు. దాన్ని నేల మీద నుంచి ఎత్తి పట్టి సుత్తితో తట్టాడు. పగులు లేని డ్రమ్ము గంటలా మోగుతుంది, పగిలినది బొంగురుగా పలుకుతుంది. లోపల అతివేడికి పడే నీలి మచ్చలు లేవని, అరుగుదల హద్దులోనే ఉందని కొలిచి చూసి, లేతు మీద పలచగా ఒక కోత వేయించి, అవతలి డ్రమ్ము వ్యాసానికి సరిపోయేలా చేయించాడు. ఏళ్ల పాటు వేడెక్కి చల్లారిన మంచి పోత ఇనుము ఇక వంకర పోయేది తక్కువ అని అతని మాట. అదెంత నిజమో గానీ, ఆ పాత డ్రమ్ము వేసిన రోజు నుంచి ఆ అదరడం ఆగిపోయింది, ఇప్పటికీ అదే నడుస్తోంది.

అలాగని పాత సామాను అంతా మంచిదని నా ఉద్దేశం కాదు. డ్రమ్ములు, బ్రాకెట్లు, హబ్బు పోతల వంటి, కొలిచి, తట్టి చూడగలిగిన ఇనుము వరకే నా మాట. బేరింగులు, స్టీరింగు రాడ్డు ఎండ్లు, బ్రేకు చాంబరు డయాఫ్రములు ఎంత చవకగా వచ్చినా పాతవి వేయించను.

కంపెనీ సీళ్లను పైన అంత మెచ్చుకున్నాను గానీ, అవి కావలసిన రోజున దొరకవు. గుంటూరులో లేక విజయవాడ నుంచి తెప్పించుకుంటూ బండిని షెడ్డులో నిలబెట్టుకున్న సందర్భాలున్నాయి. డబ్బా మీది నెల ఒక్కదాన్నే చూసి రబ్బరు బాగుందని నమ్మలేము, అసలు వస్తువే అయినా అంగట్లో ఏళ్లు కూర్చున్నదైతే గోటి పరీక్షలో నేనే తిప్పి పంపినవి ఉన్నాయి. సీలు అంచు ఒరుసుకునే ఇనుము మీద గాడి పడి ఉంటే ఎంత మంచి సీలైనా కారుతుంది. అప్పుడు ఆ చోటును లేతు మీద సరిచేయించి స్లీవు (సన్నని ఇనుప తొడుగు) వేయించక తప్పదు, ఆ ఖర్చు సీలు ధరకు ఎన్నో రెట్లు. గిద్దలూరులో వేసిన పేరున్న లైనర్లు పట్టు విషయంలో బాగున్నాయి గానీ, ఉదయం పూట మొదటి బ్రేకులకు కీచుమంటాయి, నా అంచనా ప్రకారం డ్రమ్మును కాస్త త్వరగానే తింటున్నాయి. పాత డ్రమ్ములు కూడా ఇకపై ఇంత తేలికగా దొరకవు. ఈ రకం బండ్లు ఏటేటా తగ్గిపోతున్నాయి, విప్పేసిన చోట మంచివి ముందే ఎవరో ఒకరు ఎత్తుకుపోతున్నారు.

నాది ఒకే బండి. డ్రైవరు మారలేదు, మేస్త్రీ మారలేదు, నేను స్వయంగా వెళ్లి చేత్తో పట్టి చూసి కొనగలను. నల్లమల ఘాటు మీద బరువు దింపే బండి కాబట్టి బ్రేకులకు సంబంధించిన రబ్బరు మీద పెట్టే ప్రతి రూపాయీ నాకు న్యాయంగానే తోస్తుంది. చదును రోడ్ల మీద, ఊరి చుట్టుపక్కల ఇసుకో ఇటుకో తోలే బండికి ఇంత పట్టింపు అవసరం లేకపోవచ్చు. పది బండ్లు ఉన్నవాళ్లకు ఒక్కో సీలుకు గోరు నొక్కి చూసే తీరిక ఉండదు, వాళ్లకు నమ్మకమైన ఒక అంగడితో ఖాతా పెట్టుకోవడమే మేలు కావచ్చు. ఎఫ్.సి. (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) అయ్యాక బండిని అమ్మేయాలనుకుంటున్నవాళ్ల లెక్క ఇంకొకటి. ఇంకా కొన్నేళ్లు ఘాటు మీద నడపవలసిన 1613 ఉన్నవాళ్లకు మాత్రం, వెనక హబ్బు సీళ్లు కంపెనీవే, చేత్తో చూసినవే వేయించమనీ, వాటితో పాటు బ్రీదరు విప్పించి చూడమనీ నేను గట్టిగానే చెబుతాను.